వయ్యారిభామ, వేరుశనగ, కేంబ్రిడ్జి ఇంటర్వ్యూ

గేట్స్ కేంబ్రిడ్జి స్కాలర్‌షిప్‌కు ఇంటర్వ్యూ ఉందని చెప్పగానే మా హాస్టల్లో సగంమంది అడిగింది ఒకటే: "బిల్ గేట్స్ వస్తాడా?" రాడు. ఆయన పేరు మీదున్న ఫౌండేషన్ 2000లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి 21 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఆ డబ్బుతో ఏర్పడిన ట్రస్టు ఏటా దాదాపు 80 మందిని ఎంపిక చేస్తుంది. బ్రిటన్ పౌరులు తప్ప ఏ దేశం వారైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు, అక్కడ బతకడానికి భత్యం, వీసా ఖర్చు, వెళ్ళడానికీ తిరిగి రావడానికీ విమానం టికెట్లు అన్నీ ట్రస్టే భరిస్తుంది. ఆదాయ ధ్రువపత్రం అడగరు. పేదవారా, ఉన్నవారా అన్నది లెక్కలోకి రాదు. ఎంపికయ్యేవారిలో మూడింట రెండు వంతుల మంది పీహెచ్‌డీ కోసం వెళ్ళేవారే.

నాలుగు విషయాలు చూస్తామని ముందే చెబుతారు. చదువులో ప్రతిభ, ఈ కోర్సునే ఎంచుకోవడానికి కారణం, ఇతరుల జీవితాలు మెరుగుపరచాలన్న పట్టుదల, నాయకత్వం. మొదటి రెండింటి సంగతి మార్కుల జాబితా, పరిశోధన ప్రతిపాదన చూసుకుంటాయి. మనవాళ్ళు తడబడేది చివరి రెండింటి దగ్గర. ఇతరుల జీవితాలు అనగానే ఆగస్టు పదిహేను ఉపన్యాసం మొదలవుతుంది. నాయకత్వం అనగానే ఎన్‌ఎస్‌ఎస్ ధ్రువపత్రాలు బయటికి వస్తాయి. దరఖాస్తు వ్యాసాలు దిద్దిపెడతామని డబ్బు తీసుకునేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళు దిద్దిన వ్యాసాలు కొన్ని చూశాను. పేరు కొట్టేస్తే ఎవరిది ఎవరిదో చెప్పలేం. రైతుబిడ్డలందరూ ఒకే రైతుకు పుట్టినట్టు ఉంటాయి.

నేనూ రైతుబిడ్డనే. మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ, తిరుపతిలో ఎమ్మెస్సీ చేశాను. ఎమ్మెస్సీలో విషయం మొక్కల తెగుళ్ళు. నేను పట్టుకున్న సమస్య మాత్రం నాకంటే కొంచెమే చిన్నది.

2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ ఉన్నట్టుండి మాడిపోయింది. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతిందని, నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే ఉంటుందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. నేనప్పుడు ఒళ్ళో పిల్లను. ఆ ఏడాది గురించి నాన్న చెప్పేది తక్కువ. చెప్పినప్పుడల్లా మందుల ఖర్చు గురించే చెబుతాడు. కాండం నల్లబడి మొక్క మొక్కే చస్తుంటే ఊరంతా శిలీంధ్రం మందులు కొట్టారు. కొందరు పురుగు మందు కొట్టారు. మొదట అందరూ దాన్ని మాకు అలవాటైన మొవ్వుకుళ్ళు తెగులే అనుకున్నారు. పరీక్షించి చూస్తే అది వేరే వైరస్. పొగాకు చారల వైరస్ అంటారు. తెగులుకు కాండంకుళ్ళు అని పేరు పెట్టారు.

ఆ వైరస్ దాక్కునే చోటు వయ్యారిభామ. రోడ్ల పక్కన, బీళ్ళలో, గట్ల మీద తెల్లటి చిన్న పూలతో కనిపించే కలుపు మొక్క. మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండాల నుంచి వచ్చింది, పుణె దగ్గర 1950లలో గుర్తించారు. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. గాలికి ఎగిరిన పుప్పొడి వేరుశనగ ఆకుల మీద పడుతుంది. ఆ ఆకులను తామర పురుగులు గీకి తింటాయి. ఆ గాయాల్లోంచి వైరస్ లోపలికి పోతుంది. పురుగు ఇక్కడ వైరస్‌ను కడుపులో మోసుకొచ్చేది కాదు, తలుపు తీసేది మాత్రమే. మొవ్వుకుళ్ళులో అలా కాదు, అక్కడ వైరస్ పురుగు ఒంట్లోనే పెరుగుతుంది. రైతుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. నివారణ దారులు మాత్రం వేరు.

నన్ను పట్టుకుని వదలనిది ఒక చిన్న విషయం. ఆ వైరస్ ఉన్న వయ్యారిభామకు ఏమీ కాదు. పచ్చగా, పూలతో నవనవలాడుతూ ఉంటుంది. అదే వైరస్ వేరుశనగను చంపేస్తుంది. ఎందుకు? నా ప్రతిపాదన అంతా ఈ ఒక్క ప్రశ్నే.

ఈ స్కాలర్‌షిప్‌కు విడిగా దరఖాస్తు ఉండదు. విశ్వవిద్యాలయం ప్రవేశ దరఖాస్తులోనే ఒక భాగం ఉంటుంది. అక్కడ ఒక చిన్న వ్యాసం రాయాలి. చదువు గురించి చెప్పే ఇద్దరి సిఫారసు లేఖలు కాక, ఆ నాలుగు విషయాల దృష్టితో మన గురించి రాసే మూడో మనిషి ఉండాలి. దరఖాస్తు ముందు అక్కడ మనం చేరదలచిన విభాగానికి వెళుతుంది. మంచి విద్యార్థి అని విభాగం వరుసలో పైన పెడితేనే ట్రస్టు కంట పడుతుంది. అంటే విభాగంలో మనల్ని తీసుకోవడానికి ఒక ప్రొఫెసర్ ముందే ఒప్పుకుని ఉండాలి. మనకు దరఖాస్తు గడువు కోర్సును బట్టి డిసెంబరు మొదట్లోనో జనవరి మొదట్లోనో ఉంటుంది. ప్రొఫెసర్లతో ఉత్తరప్రత్యుత్తరాలు ఆ ముందు వేసవిలోనే మొదలవ్వాలి. ఈ సంగతి తెలియక నవంబరులో మొదలుపెట్టి, జవాబు రాలేదని నిరాశపడేవాళ్ళు నాకు తెలుసు.

మూడో లేఖ దగ్గర మా ఇంట్లో చిన్న వాదన జరిగింది. పెద్ద పదవిలో ఉన్నవారి చేత రాయించమని మా మామయ్య పట్టు. నేను అనంతపురం దగ్గరి రేకులకుంట పరిశోధన కేంద్రంలో పనిచేసిన రోజుల్లో అక్కడున్న ఒక శాస్త్రవేత్తను అడిగాను. ఆయన పేరు వెనక పెద్ద హోదా లేదు. కానీ ఎండలో సాళ్ళ మధ్య నన్ను చూసిన మనిషి. "నీ గురించి మంచిగా రాయను, చూసినట్టు రాస్తానమ్మా, సరేనా?" అన్నారు. ఇంతకంటే మంచి హామీ ఎవరిస్తారు?

ఇంటర్వ్యూ పిలుపు ఈమెయిలులో వచ్చింది. అంతర్జాతీయ అభ్యర్థులకు మార్చిలో, వీడియోలో. సమయం బ్రిటన్ లెక్కలో ఇస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ఆ ముందు రోజు దాకా మనకూ వాళ్ళకూ తేడా అయిదున్నర గంటలు. తర్వాత నాలుగున్నర. ఇంటర్వ్యూ ఆ ఆదివారానికి అటో ఇటో పడితే కాగితం మీద రాసుకుని, ఇంకొకరి చేత కూడా సరిచూపించుకోవాలి.

తయారీ ఎలా? సీనియర్లలో ఈ ఇంటర్వ్యూకు వెళ్ళినవారు ఎవరూ దొరకలేదు. మా విభాగంలో మాస్టార్లు రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి వైరస్ ప్రోటీన్ల గురించి అడిగారు. అన్నీ చెప్పాను. వాళ్ళకూ నాకూ సంతోషంగా ఉంది. మా ఊళ్ళో జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు ఒకరున్నారు. ఆయన ముందు కూర్చున్నాక ఆ సంతోషం పోయింది. "వైరస్ అంటే ప్రాణమున్నదా లేనిదా అన్నది వదిలెయ్. నీ పని అయ్యాక ఎవరికి ఏం మారుతుంది, రెండు వాక్యాల్లో చెప్పు" అన్నారు. నేను ఆర్‌ఎన్‌ఏ, అంటే ఈ వైరస్ జన్యు సమాచారం రాసి ఉండే పదార్థం, దగ్గర మొదలుపెట్టాను. చెయ్యి ఎత్తి ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఆపారు. ఆయనకు జీవశాస్త్రం రాదు, తెలియనిది తెలియదని ఒప్పుకోవడానికి మొహమాటమూ లేదు. అలాంటి వినేవాడు దొరకడం అదృష్టం. మా విభాగం మాస్టార్లు నేను దాటేసిన మెట్లు తామే పూరించుకుని వింటున్నారు. ఈయన పూరించుకోరు.

ఇంటర్వ్యూ చేసేవారు కూడా అలాంటివారే. బృందం జీవశాస్త్రాలన్నిటికీ కలిపి ఉంటుంది. మొక్కల వైరస్‌లు తెలిసినవారు అందులో ఒకరు ఉంటే ఉంటారు, లేకపోతే లేదు. మన ప్రతిపాదన మంచిదా కాదా అని విభాగం అప్పటికే తేల్చింది. ఇక వీళ్ళు చూసేది ఆ పని మీద మన నమ్మకానికి పునాది ఉందా లేదా అని.

భాష గురించి నాకు భయం ఉండేది, దాచడం ఎందుకు. ఇంగ్లీషులో శాస్త్రం రాయగలను, వాదించడం అలవాటు లేదు. మా రూమ్మేటుతో రోజూ ఒక పూట ఇంగ్లీషులో పోట్లాట పెట్టుకున్నాను. మెస్సులో కూర మంచిదా కాదా అన్నది కూడా విషయమే. తోచిన మాట రానప్పుడు చిన్న మాటలతో నెట్టుకురావడం వచ్చింది. నిజానికి అక్కడ పనికొచ్చింది కూడా చిన్న మాటలే.

తిరుపతిలో మా విభాగం సెమినార్ గదిలో కూర్చున్నాను. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా యూపీఎస్, నెట్ పోతే పక్కన ఫోను. తెర మీద నలుగురు. ఒక్కొక్కరూ పేరు, తమ రంగం చెప్పుకున్నారు. ఒకావిడ మెదడు మీద పనిచేస్తారు. ఒకాయన జంతు కణాల మీద. మొక్కల మనిషి ఒకరున్నారు, ఆయన దాదాపు మాట్లాడనే లేదు.

మొదటి ప్రశ్న మెదడు శాస్త్రవేత్తది. మీ పని నాకు అర్థమయ్యేలా చెప్పండి అన్నారు. మనసులో మా భౌతికశాస్త్రం మాస్టారికి నమస్కారం పెట్టుకున్నాను. వేరుశనగ, కలుపు మొక్క, పుప్పొడి, పురుగు గీరిన గాయం, అంతే చెప్పాను. వెంటనే ఆమె అడిగారు, "ఆ కలుపు మొక్కకు జబ్బు రాదా?" రాదు, అదే నా ప్రశ్న అన్నాను. ఆమె నవ్వారు. నాకు కాస్త ఊపిరి ఆడింది.

అప్పుడు ఆర్‌ఎన్‌ఏ సంగతికి వచ్చాను. వైరస్ దాడి చేసినప్పుడు మొక్క ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏను చిన్న ముక్కలుగా నరుకుతుంది. దొరికిన దొంగ జేబులోని ఫొటో పట్టుకుని మిగతా ముఠాను వెతికినట్టు, ఆ ముక్కల సాయంతో మిగతా వైరస్‌ను వెతికి నాశనం చేస్తుంది. ఈ చిన్న ముక్కలను మొక్కల్లో 1999లో కనిపెట్టింది బ్రిటన్‌లోనే, నోరిచ్‌లో. ఆ పని చేసిన ఇద్దరిలో ఒకరు డేవిడ్ బాల్‌కూమ్. ఆయన 2007లో కేంబ్రిడ్జికి వచ్చారు. అక్కడే ఎందుకు అన్న రెండో ప్రమాణానికి నా దగ్గరున్న సమాధానం ఇదీ, ఇప్పుడు ఆ విభాగంలో జరుగుతున్న పనీ. కేంబ్రిడ్జి పేరు గొప్పది అని మాత్రం అనకూడదు. ఆ సంగతి వాళ్ళకు తెలుసు.

జంతు కణాల ఆయన అప్పటిదాకా రాసుకుంటున్నారు. తల ఎత్తి నెమ్మదిగా అడిగారు. "కలుపు పీకేస్తే సరిపోతుందిగా? దానికి పీహెచ్‌డీ ఎందుకు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. మా నాన్న కూడా అడిగాడు. నాన్నకు చెప్పిందే చెప్పాను. రైతు తన పొలంలో పీకగలడు, గట్టు మీద పీకగలడు. పుప్పొడి పొరంబోకు నుంచి, రోడ్డు అంచు నుంచి, రైలు కట్ట నుంచి కూడా వస్తుంది. అవి ఎవరివీ కావు. పైగా తొలకరి వానకే అదీ మొలుస్తుంది, వేరుశనగా విత్తాలి. కూలి మనిషి దొరకని రోజులు అవి. పొలం చుట్టూ జొన్నో సజ్జో కొన్ని వరసలు వేస్తే గాలికొచ్చే పుప్పొడిని, పురుగులను కొంత అడ్డుకుంటాయి. శాస్త్రవేత్తలు ఈ సలహా ఇచ్చి చాలా ఏళ్ళయింది. మూడెకరాలున్న రైతు అంచు వరసలు వేరే పంటకు వదలడానికి వెనకాడతాడు.

ఆయన వదల్లేదు. "అయితే ఇది పంచాయతీ పరిష్కరించాల్సిన సమస్య. ప్రయోగశాల సమస్య కాదు."

ఇక్కడ నేను తయారుచేసుకున్న మాటలు అయిపోయాయి. ఒకటి రెండు క్షణాలు ఆగాను. సగం నిజమే అన్నాను. ఉపాధి హామీ పనుల్లో వయ్యారిభామను పూతకు ముందే తీయించిన ఊళ్ళలో నష్టం తగ్గే అవకాశం ఉంది, నా పీహెచ్‌డీ పూర్తయ్యేదాకా ఎవరూ ఆగనక్కర్లేదు అన్నాను. కానీ ఉమ్మడి పని ప్రతి ఏడూ, ప్రతి ఊళ్ళో మళ్ళీ జరగాలి. ఒక్క ఏడు మానేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. విత్తనంలో తట్టుకునే గుణం ఉంటే అది రైతు ఇంటికే వస్తుంది, ఊరంతా ఒప్పుకోవాల్సిన పని లేదు. సాగులో ఉన్న వేరుశనగ రకాల్లో ఈ వైరస్‌కు గట్టి నిరోధకత దొరకలేదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పరీక్షించినప్పుడు కొన్ని అడవి జాతుల్లో కనిపించింది. వాటిని మన వేరుశనగతో సంకరం చేయడం కష్టం, క్రోమోజోముల జతల లెక్క కుదరదు. వయ్యారిభామ ఈ వైరస్‌తో ఎలా సర్దుకుపోయిందో తెలిస్తే వేరుశనగలో ఏం వెతకాలో తెలుస్తుంది. దొరుకుతుందని హామీ ఇవ్వలేను అని కూడా అన్నాను.

ఆయన మెచ్చుకున్నట్టు కనిపించలేదు, ఒప్పుకోనట్టూ కనిపించలేదు. రాసుకున్నారు. ఈ ఒక్క వాదనే ఇంటర్వ్యూలో పెద్ద భాగం తినేసింది. ఇప్పుడు ఆలోచిస్తే అదే నాకు మేలు చేసిందనిపిస్తుంది. ఇతరుల జీవితాలు మెరుగుపరచడం అన్న మూడో ప్రమాణం గురించి వాళ్ళు ఆ మాటలతో అడగనే లేదు. పంచాయతీ, కూలి, అంచు వరసలు, ఇవన్నీ దాని గురించే.

ప్రయోగాల రూపకల్పన మీద ఒక ప్రశ్న వచ్చింది. అంచు పంట వల్లే తేడా వచ్చిందని, గాలి దిశ వల్ల కాదని ఎలా చెప్పగలరు అని. వ్యవసాయ కళాశాలలో చదివినవారికి ఇది ఇష్టమైన చోటు. పొలాన్ని ఒకేలాంటి బ్లాకులుగా విడదీసి, ఒక్కో బ్లాకులో ఏది ఎక్కడ వేయాలో చీటీలు తీసినట్టు నిర్ణయించే పద్ధతిని రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్ అంటారు. అది బోర్డు మీద గీయకుండా మాకు సెమిస్టరు గడవదు. ఆ పద్ధతులు రూపుదిద్దిన ఫిషర్ తర్వాత కేంబ్రిడ్జిలోనే ప్రొఫెసర్. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసినవారిలో మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, అక్కడి మ్యూజియంలో పురాతన అస్థికల కొలతలు విశ్లేషిస్తూ 1948లో డాక్టరేట్ అందుకున్నారు. ఇది ఇంటర్వ్యూలో చెప్పలేదు, అడిగింది అది కాదు. గాలి దిశను బట్టి బ్లాకులు ఎలా వేశామో చెప్పి ఊరుకున్నాను. కానీ మా స్టాటిస్టిక్స్ మాస్టారు క్లాసులో ఆ పేరు చెప్పినప్పుడల్లా కాస్త నిటారుగా నిలబడేవారు, అది గుర్తొచ్చింది.

నాయకత్వం గురించి అడిగినప్పుడు నేను క్లాసు లీడరును ఎప్పుడూ కాదని చెప్పాను. బీఎస్సీ చివరి ఏడాదిలో మమ్మల్ని పల్లెల్లో ఉండి రైతులతో పనిచేయమని పంపుతారు. అప్పుడు నేను చూసింది, వైరస్ తెగులుకు శిలీంధ్రం మందు కొట్టడం ఇంకా ఆగలేదని. మొవ్వుకుళ్ళు, కాండంకుళ్ళు మొక్కలను పెరికి, అద్దం వెనక పక్కపక్కన అతికించి, మందుల దుకాణం గోడకు తగిలించాం. గుడి దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో పెట్టమన్నారు కొందరు. రైతు డబ్బు చేతిలో పట్టుకుని నిర్ణయం తీసుకునేది దుకాణం ముందు. అందుకే అక్కడ. దుకాణదారు మొదట ఒప్పుకోలేదు. ఆయన అమ్మకం పోతుందిగా మరి. విత్తన శుద్ధి మందు గురించి కూడా అదే పలకలో రాస్తామన్నాక ఒప్పుకున్నాడు. ఈ మాట చెప్పినప్పుడు మొక్కల మనిషి తొలిసారి నవ్వారు.

ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న, చివర్లో. "మీరు చదువు పూర్తి చేసేనాటికి మీ జిల్లాలో వేరుశనగ ఉంటుందా?"

ఈ ప్రశ్న ఎవరూ నన్ను ముందు అడగలేదు. నేనూ అడుక్కోలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. అదీ పడాల్సినప్పుడు పడదు. వేరుశనగ విస్తీర్ణం తగ్గుతూ వస్తోంది. కంది వేస్తున్నారు, బోరు పడినవారు చీనీ (బత్తాయి) తోటలు పెడుతున్నారు. మా పొలంలోనే ఒక చెక్క చీనీకి పోయింది. అదే చెప్పాను. తగ్గవచ్చు, మా నాన్నే తగ్గించాడు అన్నాను. కానీ ఈ వైరస్ వేరుశనగ కోసం పుట్టింది కాదు. వేరుశనగ కంటే ముందే, 1990ల చివర్లో కర్ణాటకలో పొద్దుతిరుగుడును దెబ్బతీసింది. మినుము, పెసర, పత్తి మీద కూడా కనిపిస్తోంది. రైతు ఏ పంటకు మారినా వయ్యారిభామ గట్టు మీదే ఉంటుంది. ఆయన తల ఊపారు. అది సమాధానానికా, సమయం అయిపోయిందనా తెలియదు.

మీరేమైనా అడుగుతారా అన్నారు. నేను అడగాలనుకున్న ప్రశ్న ఉంది, అది నిజంగా నాకు అవసరమైనది. వైరస్ సోకిన మొక్కను మన దేశం నుంచి తీసుకెళ్ళాలంటే జీవవైవిధ్య చట్టం ప్రకారం అనుమతి కావాలి, అక్కడ దిగుమతికి ఆ దేశం లైసెన్సు కావాలి. అది ఆలస్యమైతే పరిశోధన ప్రణాళిక మార్చుకోవడానికి వీలుంటుందా అని అడిగాను. అది మీరూ మీ గైడూ తేల్చుకోవాల్సిన సంగతి, స్కాలర్‌షిప్‌కు అడ్డు కాదు అన్నారు. తిరిగి స్వదేశం రావాలన్న షరతు ఈ స్కాలర్‌షిప్‌కు లేదు. వస్తారా అని వాళ్ళూ అడగలేదు. బంధువులు మాత్రం అందరూ అడిగారు.

ఇరవై నిమిషాలు దాటి కొంచెం. తెర ఖాళీ అయ్యాక సెమినార్ గది బయట మా రూమ్మేటు నిలబడి ఉంది. ఎలా జరిగింది అంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పరీక్ష రాసి వస్తే ఎన్ని మార్కులు వస్తాయో అంచనా ఉంటుంది. ఇక్కడ అది కుదరదు. పంచాయతీ ప్రశ్న దగ్గర ఆగిన ఆ రెండు క్షణాలే కళ్ళ ముందు తిరుగుతున్నాయి. ఆమె నన్ను టీ కొట్టుకు తీసుకెళ్ళి, తన పరిశోధన గైడు మీద ఫిర్యాదులు చెప్పి నా ధ్యాస మళ్ళించింది. మంచి స్నేహితురాలు.

ఫలితం ఏప్రిల్‌లో వచ్చింది. ఎంపికయ్యాను. నాన్నకు ఫోను చేస్తే పొలంలో ఉన్నాడు. విషయం విని, "సంవత్సరానికి ఎంత పడుతుంది మనకు?" అన్నాడు. మనకేమీ పడదు, వాళ్ళే ఇస్తారు అన్నాను. నమ్మడానికి ఆయనకు కొన్ని రోజులు పట్టింది. అంతకుముందు ఏ ఆఫీసులోనూ ఎవరూ ఆయనకు ఊరికే ఏదీ ఇచ్చింది లేదు మరి.

తర్వాతి నెలలు కాగితాల నెలలు. ప్రవేశం షరతులతో ఉంటుంది. ఎమ్మెస్సీ పూర్తయినట్టు ధ్రువపత్రం, ఇంగ్లీషు పరీక్ష మార్కులు. బ్రిటన్‌లో ఆరు నెలలకు మించి ఉండేవారికి క్షయ లేదని పరీక్ష చేయించుకోవాలి. అది వాళ్ళు గుర్తించిన క్లినిక్కుల్లోనే జరగాలి, నేను హైదరాబాద్ వెళ్ళి చేయించుకున్నాను. ఇంటర్వ్యూ కంటే ఇవే నన్ను ఎక్కువ తిప్పాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం కౌంటర్ ముందు నిలబడినప్పుడు, ఆ నలుగురి ముందు కూర్చోవడమే సుఖమనిపించింది.

ఇప్పుడు జూనియర్లు ఫోను చేసి ఏం ప్రశ్నలు అడిగారక్కా అంటారు. చెబుతాను. చెప్పాక వాళ్ళ ప్రతిపాదన అడిగి, కలుపు పీకేస్తే సరిపోతుందిగా అన్న ప్రశ్నను వాళ్ళ విషయానికి తగ్గట్టు మార్చి అడుగుతాను. ఒకమ్మాయి కోపం తెచ్చుకుని ఫోను పెట్టేసింది. మర్నాడు మళ్ళీ చేసి, గంటసేపు వాదించింది. ఈ ఏడాది ఆమె దరఖాస్తు పెడుతోంది.

నేను కేంబ్రిడ్జి వచ్చేశాను, నా వైరస్ మాత్రం ఇంకా రాలేదు. అనుమతుల కాగితాలు రెండు దేశాల మధ్య తిరుగుతున్నాయి. అప్పటిదాకా దాని కుటుంబానికే చెందిన దోసకాయ మొజాయిక్ వైరస్‌తో, ప్రయోగశాలలో పెంచే పొగాకు జాతి మొక్కల మీద పని నడుస్తోంది. ఆ వైరస్ మొక్క రక్షణను ఎలా దెబ్బతీస్తుందో ఇక్కడివారికి చాలా ఏళ్ళుగా తెలుసు కాబట్టి పద్ధతులు నేర్చుకోవడానికి అది చాలు. వచ్చే ఖరీఫ్‌లో అనంతపురం వెళ్ళి వయ్యారిభామ పుప్పొడి సేకరించి, ఆర్‌ఎన్‌ఏ వరుస అక్కడే చదివించాలని గైడూ నేనూ అనుకున్నాం. పుప్పొడి దేశం దాటనక్కర్లేదు, అక్షరాలు మాత్రం ఈమెయిలులో వస్తాయి. దానికీ ముందుగా అనుమతి తీసుకోవాలని ఎవరో అన్నారు, ఆ ఫారం వెతుకుతున్నాను.